బల్లమీది సేనల నడక

హైదరాబాదు నుండి పడమరగా బీజాపూరు వైపు పోయే రహదారిలో మొయినాబాదు, చేవెళ్ల వస్తాయి. ఈ దారి మర్రిచెట్లకు పేరుపొందినది. ఈ ప్రాంతపు పల్లెల్లో, ఆ మాటకు వస్తే తెలుగునాట ఏ పల్లెలోనైనా, రచ్చబండ మీదనో గుడి మండపంలోనో బండమీద గీసిన త్రికోణమొకటి కంటబడుతుంది. దాని మీద నాలుగు చింతగింజలు, కొన్ని గులకరాళ్లు. చుట్టూ పదిమంది. "అల్లుడా, నీ పులికి ఇక దారేదిరా?" అని పెద్దాయన నవ్వుతాడు. అల్లుడు తల గోక్కుంటాడు. ఇది పులి–మేక ఆట. పులిజూదమని కూడ అంటారు.

ఆట చూసేవారికి ఎవరు గెలుస్తారన్నదే ముఖ్యం. కాని విజ్ఞానశాస్త్ర విద్యార్థి అడగవలసిన ప్రశ్న వేరొకటి ఉన్నది. పులి ఒక మారుకు ఒక్క అడుగే ఎందుకు వేయాలి? చదరంగంలో గుర్రం వంకరగా దూకితే బంటు తిన్నగా ఒక గడి మాత్రమే నడవడమేమి? ఈ అడుగుల కొలతను ఎవరు, దేనిని చూసి నిర్ణయించినారు? చిన్నదిగా తోచే ఈ ప్రశ్న వెంట నడిస్తే పల్లెటూరి బండ మీద నుండి ఐరోపా సైనిక పాఠశాలల దాకా, అక్కడి నుండి మళ్లీ మన చేవెళ్ల రోడ్డు దాకా వస్తాము. ఆ ప్రయాణమే ఈ వ్యాసం.

పులికి దూకుడు, మేకకు గుంపు

పులి–మేకలో సాధారణంగా 23 కూడలులు, 3 పులులు, 15 మేకలు ఉంటాయి. కొన్నిచోట్ల ఈ లెక్క కొద్దిగా మారుతుంది. పులి గీత వెంట పక్క కూడలికి పోగలదు. పక్కన మేక ఉండి, దాని ఆవలి కూడలి ఖాళీగా ఉంటే మేక మీదుగా దూకి దానిని చంపగలదు. మేకకు దూకే శక్తి లేదు. మొదట మేకలను ఒక్కొక్కటిగా పేర్చాలి. అన్నీ పేర్చిన తర్వాతనే అవి కదలాలి. మేకలు పులిని చంపలేవు. పులులన్నిటినీ కదలకుండ కట్టివేస్తే మేకలు గెలిచినట్లు.

ఇందులో గమనించవలసినవి రెండు ఉన్నవి. మొదటిది, ఇరుపక్షాల బలగాలు సమానం కావు. వాటి నడకలు కూడ సమానం కావు. ఒకరికి దూకుడు, మరొకరికి సంఖ్య. రెండవది, ఓటమి అనగా చావు కానక్కరలేదు. కదలలేకపోవడమే ఓటమి. పులి పంజా, కోరలు అన్నీ ఉన్నవి, కాని అడుగు వేయడానికి చోటు లేదు. ఈ రెండవ సంగతిని పాఠకులు గుర్తుంచుకోవాలని మనవి. గోలకొండ కోట దగ్గర దీనితో మళ్లీ పని పడుతుంది.

చతురంగ బలాలు

పులి–మేక వేట వంటిది. చదరంగం యుద్ధాన్ని అనుకరించిన ఆట. దీని పాత పేరైన చతురంగమే ఆ సంగతి చెబుతున్నది: ఏనుగులు, గుర్రాలు, రథాలు, కాల్బలం అనే నాలుగు అంగాలు గల సేన. మహాభారతపు లెక్క ప్రకారం అన్నిటికన్న చిన్న దళం పేరు పత్తి. ఒక రథం, ఒక ఏనుగు, మూడు గుర్రాలు, ఐదుగురు పదాతులు కలిస్తే ఒక పత్తి. దీనిని మూడేసి రెట్లు చేసుకుంటూ ఏడు మెట్లు ఎక్కి, చివర పదిరెట్లు చేస్తే అక్షౌహిణి అవుతుంది. అందుచేతనే అక్షౌహిణిలో రథాలు 21,870, ఏనుగులు 21,870, గుర్రాలు 65,610, పదాతులు 1,09,350. విద్యార్థులు 3ను ఏడుసార్లు గుణించి, దానిని 10తో హెచ్చించి సరిచూసుకోవచ్చును.

ఇంత సేనను 64 గళ్ల మీదికి ఎక్కించడం ఎట్లా? చతురంగం చేసిన ఉపాయమే ఆ తర్వాతి యుద్ధక్రీడలన్నిటికీ పునాది. ఒక్క బొమ్మ ఒక్క మనిషి కాదు, ఒక దళం. ప్రతి దళానికి దాని స్వభావాన్ని బట్టి ఒక నడక. పదాతి ముందుకు ఒక గడి. గుర్రం అడ్డున్న వారి మీదుగా దూకి వంకరగా పడుతుంది. ఏనుగు నడక విషయంలో మాత్రం పూర్వులకు ఏకాభిప్రాయం లేదు. ఒక పద్ధతిలో అది మూలగా రెండవ గడికి దూకేది. 11వ శతాబ్దంలో మన దేశాన్ని గురించి గ్రంథం రాసిన అల్ బిరూని మరొక పద్ధతిని చెప్పినాడు. ఏనుగు ముందుకు ఒక గడి గాని, నాలుగు మూలలలో దేనికైనా ఒక గడి గాని నడుస్తుందట. ఈ ఐదు చోట్లూ ఏనుగు తొండానికీ, నాలుగు కాళ్లకూ సరిపోతాయని ఆయన వివరణ.

ఈ వివరణ ముచ్చటగా ఉన్నది, కాని ఇది కొలత కాదు. నిజమైన ఏనుగు గంటకు ఎంత దూరం నడుస్తుంది, బురదలో ఎంత మెల్లబడుతుంది అన్న విషయాలు ఇందులో లేవు. ఏనుగు ఆకారాన్ని చూసి నడకను ఊహించినారు. చదరంగంలో కాలం కూడ లేదు. ఒక బొమ్మ కదులుతుంటే మిగిలిన సేన అంతా నిలిచి చూస్తుంటుంది. గళ్లన్నీ సమానం, కొండ లేదు, వాగు లేదు, వాన లేదు. అందుకే చదరంగం బుద్ధికి పదును పెట్టింది గాని సేనాపతికి లెక్కలు నేర్పలేదు. శ్రీకృష్ణదేవరాయలతో చతురంగమాడి గెలిచేవాడని బొడ్డుచర్ల తిమ్మనను మన చాటువులు కొనియాడుతున్నవి. తిమ్మన బల్లమీద గెలిచినాడు. దండయాత్రలు నడిపినది మాత్రం రాయలే. రెండు విద్యలూ ఒకటి కావని దీనివల్లనే తెలుస్తున్నది.

నడకలు శాశ్వతం కావని కూడ చదరంగమే చూపింది. పాత ఆటలో మంత్రి మూలగా ఒక్క గడే నడిచేవాడు. 15వ శతాబ్దపు చివర ఐరోపాలో ఆ బొమ్మకు అన్ని దిక్కులా ఎంత దూరమైనా పోయే శక్తి ఇచ్చినారు. ఒక్క బొమ్మ నడక మారేసరికి ఆట వేగమే మారిపోయినది.

గణితోపాధ్యాయుని పటం

ఆటలోకి నేలను తెచ్చిన ఘనత జర్మనీలోని బ్రన్స్విక్ నగరంలో గణితం బోధించిన హెల్విగ్ అనే ఉపాధ్యాయునిది. ఆయన కీటకాల శాస్త్రంలో కూడ పేరున్నవాడు. రాజాస్థానంలోని కుర్రవాళ్లకు యుద్ధవిద్య సూత్రాలను ఆటగా నేర్పాలన్న ఉద్దేశంతో 1780లో చదరంగాన్ని పెంచి కొత్త ఆటను ప్రకటించినాడు. దాని బల్ల మీద 64 గళ్లు కాదు, 1617 గళ్లు: పొడవున 49, వెడల్పున 33.

గళ్ల సంఖ్యకన్న గళ్ల రంగు ముఖ్యమైనది. కొండలకు ఎరుపు, నీటికి నీలం, అడవికి ముదురాకుపచ్చ, బురదనేలకు లేతాకుపచ్చ. మైదానం చదరంగంలో వలెనే నలుపు తెలుపు. కాల్బలం, గుర్రపుదళం, ఫిరంగులు వేరువేరు వేగాలతో కదిలేవి. నేలను బట్టి వాటి దారి మారేది. చదరంగంలో నడక బొమ్మ గుణం మాత్రమే. హెల్విగ్ ఆటలో నడక బొమ్మకూ నేలకూ మధ్య గల సంబంధమైనది. శాస్త్రదృష్టిలో ఇది పెద్ద అడుగు. రాయి పడే వేగం రాయిని బట్టి మాత్రమే కాక, అది గాలిలో పడుతున్నదా నీటిలో పడుతున్నదా అన్నదానిని బట్టి కూడ ఉంటుందని గుర్తించడం వంటిది.

అయినా ఒక లోపం మిగిలినది. నది గళ్ల అంచుల వెంట లంబకోణాలలో మలుపులు తిరగదు. గళ్లున్నంత కాలం నేల నిజమైన నేల కాజాలదు.

రెండు నిమిషాల యుద్ధం

ఆ గళ్లను చెరిపివేసిన వారు ప్రష్యా దేశపు తండ్రీకొడుకులు. తండ్రి రైస్విట్జ్ సైనికుడు కాదు, ప్రభుత్వోద్యోగి. ఆయన మొదట ఇసుకబల్ల మీద కొండలు, లోయలు చేసి ఆడించినాడు. 1812లో రాజు మూడవ ఫ్రెడరిక్ విలియంకు ఒక పెద్ద బల్లను సమర్పించినాడు. కొండలు, నదులు, దారులు గల పలకలను కావలసిన విధంగా ఆ బల్లపై అమర్చుకోవచ్చును. బొమ్మలను గడి లెక్కతో కాక కొలబద్దతో కొలిచి కదపాలి.

కొడుకు ఫిరంగిదళంలో అధికారి. 1824లో ఆయన బల్లను వదలి, సైనికులు నిజంగా వాడే పటాన్నే ఆటస్థలం చేసినాడు. కొలమానం 8000కు 1. ఒక్కొక్క మారు రెండు నిమిషాల కాలానికి సమానం. ఈ రెండు అంకెలతో ఆట స్వరూపమే మారిపోయినది. ఎట్లాగో చూడండి.

8000కు 1 పటంలో 1 సెంటీమీటరు నేలమీద 80 మీటర్లు. మనిషి నిమిషానికి 75 మీటర్లు నడుస్తాడనుకుందాం. రెండు నిమిషాలకు 150 మీటర్లు. దానిని 80తో భాగిస్తే పటం మీద ఇంచుమించు 1.9 సెంటీమీటర్లు. కాబట్టి కాల్బలపు బొమ్మ ఒక మారుకు 1.9 సెంటీమీటర్లకు మించి కదలరాదు. ఈ అంకెను ఎవరూ ఊహించలేదు, తొండం పొడవు చూసి చెప్పలేదు. వేగం, కాలం, కొలమానం ఈ మూడింటి నుండి అది తనంతట తానే వస్తుంది. నమ్మకం లేనివాడు గడియారం పట్టుకొని మైదానంలోకి పోయి సరిచూసుకోవచ్చును. బొమ్మ అడుగు అప్పటిదాకా ఆచారం. ఇప్పుడు ప్రయోగంతో పరీక్షించదగిన సిద్ధాంతమైనది.

కొడుకు మరికొన్ని మార్పులు చేసినాడు. ఇరుపక్షాల మధ్య ఒక మధ్యవర్తిని కూర్చోబెట్టినాడు. ఆటగాళ్లు బొమ్మలను తాకరు. ఆజ్ఞలు రాసి ఇస్తారు. రెండు పక్షాల ఆజ్ఞలు చూసి మధ్యవర్తి బొమ్మలను కదుపుతాడు. కనుక ఇరుసేనలూ ఒకే కాలంలో కదిలినట్లవుతుంది. కొండ చాటున ఉన్న శత్రుదళపు బొమ్మ పటం మీద కనిపించదు. చూపు అందినప్పుడే దానిని పెడతారు. దూరపు దళానికి ఆజ్ఞ చేరాలంటే దూత గుర్రమెక్కి పోవడానికి పట్టే కాలం కూడ లెక్కలోకి వస్తుంది. కాల్పుల నష్టాన్ని పాచికలు, పట్టికలు తేలుస్తాయి.

సైన్యాధ్యక్షుడైన మ్యూఫ్లింగ్ మొదట ఈ ఆటను అనాసక్తితో చూసినాడట. ఆట సాగిన కొద్దీ ఆయన వైఖరి మారి, ఇది వినోదం కాదని, యుద్ధానికి శిక్షణ అని మెచ్చుకున్నాడు. ప్రతి రెజిమెంటుకు ఒక ఆటపెట్టె ఉండాలన్న ఉత్తరువు కూడ వచ్చినది. కాని దీనిని తీర్చిదిద్దిన యువకుడు ఎక్కువ కాలం బ్రతకలేదు. 1827లో ఆత్మహత్య చేసుకున్నాడు. 1870–71లో ప్రష్యా ఫ్రాన్సును ఓడించిన తర్వాత ఇతర దేశాల సైన్యాలు కూడ ఈ ఆటను శ్రద్ధగా పట్టించుకున్నవి. ఆ కీర్తిని చూడడానికి ఆయన లేడు.

దారపు కొలత

సైనికుల గదులలో ఉన్న ఈ ఆటను ఇంటి నేల మీదికి తెచ్చి అందరికీ పరిచయం చేసినవాడు ఆంగ్ల రచయిత ఎచ్. జి. వెల్స్. ఆయన హక్స్లీ వద్ద జీవశాస్త్రం చదివినవాడు. శాస్త్రకల్పన కథలతో ప్రసిద్ధి పొందినవాడు. 1913లో 'లిటిల్ వార్స్' అనే చిన్న పుస్తకం ప్రకటించినాడు. సీసపు సైనికులు, స్ప్రింగు బలంతో చిన్న గుండు విసిరే ఆటఫిరంగులు, పెట్టెలతో కట్టిన ఇళ్లు, ఇవి అందులోని సామగ్రి.

వెల్స్ నియమాలలో నడక చాలా సులభం. కాలిబంటు ఒక మారుకు ఒక అడుగు, గుర్రపురౌతు రెండు అడుగులు. కొలవడానికి ప్రతి ఆటగాని వద్ద రెండు అడుగుల దారమొకటి, ఆరు అంగుళాల దారమొకటి ఉండాలి. ఫిరంగి పనిచేయాలంటే దాని దగ్గర, ఆరు అంగుళాల లోపల, కనీసం నలుగురు స్వపక్ష సైనికులుండాలి. ఎత్తు వేయడానికి గడియారం చూసి కాలపరిమితి పెట్టినారు. ఆలోచిస్తూ గంటలు గడపడానికి వీలులేదు. నిజమైన సేనాపతికి కూడ అంత తీరిక ఉండదు గదా!

దారమే ఎందుకు? తిన్నని బద్ద మలుపు తిరగదు, దారం తిరుగుతుంది. ఇంటిని చుట్టి పోయే సైనికుడు చుట్టుదారి అంతా నడవాలి. దారం ఆ చుట్టును నిజాయితీగా కొలుస్తుంది. 1962లో డోనాల్డ్ ఫెదర్‌స్టోన్ రాసిన 'వార్ గేమ్స్' వంటి పుస్తకాల ద్వారా ఈ వినోదం తర్వాతి తరాలకు వ్యాపించినది.

మూలగా నడిస్తే వచ్చే చిక్కు

ఇక్కడ రెండు గణితసమస్యలు చెప్పుకోవడం అవసరం. తరగతిలో అడగడానికి ఇవి బాగుంటాయి.

మొదటిది గడి సమస్య. చదరపు గళ్లలో బొమ్మ పక్క గడికి పోతే ఒక ప్రమాణం దూరం. మూల గడికి పోతే పైథాగరసు సూత్రం ప్రకారం 2కు వర్గమూలం, అనగా 1.414 ప్రమాణాలు. రెండింటినీ ఒకే అడుగుగా లెక్కిస్తే మూలగా నడిచే సైనికునికి 41 శాతం వేగం ఊరకే దొరుకుతున్నది! దీనికి తేనెటీగ చూపిన దారి ఉన్నది. షడ్భుజాల గళ్లు వేస్తే ఏ గడికైనా ఆరు ఇరుగుపొరుగు గళ్లుంటాయి; ఆరింటి కేంద్రాలూ సమదూరంలో ఉంటాయి. అమెరికాలో చార్లెస్ రాబర్ట్స్ నడిపిన సంస్థ 1961 నుండి అచ్చు యుద్ధక్రీడలలో ఈ షడ్భుజాలను వాడినది.

రెండవది మలుపు సమస్య. నూరు మీటర్ల పొడవున వరుసగా నిలిచిన దళం ఒక చివరను ఇరుసుగా చేసుకొని తొంభై డిగ్రీలు తిరగాలనుకుందాం. ఇరుసు దగ్గరి సైనికుడు ఉన్నచోటనే తిరుగుతాడు. ఆ చివరివాడు నూరు మీటర్ల వ్యాసార్ధం గల వృత్తంలో నాలుగవ వంతు నడవాలి. అది 157 మీటర్లు. నిమిషానికి 75 మీటర్ల లెక్కన అతనికి రెండు నిమిషాలకు పైగా పడుతుంది. కాబట్టి బల్లమీద దళాన్ని తిప్పేటప్పుడు బొమ్మ నడిమధ్య నుండి కాక వెలిపలి మూల నుండి కొలవాలి. కవాతులో మలుపు తిరిగేటప్పుడు లోపలివారు అడుగులు కుదించి, బయటివారు చాచి వేయడం చూచిన విద్యార్థికి ఈ నియమం వేరుగా చెప్పనక్కరలేదు.

చేవెళ్ల దారిలో పదివేల ఎద్దులు

ఇప్పుడు మన రహదారికి వద్దాము. 50,000కు 1 కొలమానంలో ఉన్న పటం ఒకటి బల్లమీద పరచండి. ఇందులో 2 సెంటీమీటర్లు ఒక కిలోమీటరు. మొయినాబాదు నుండి చేవెళ్లకు ఇంచుమించు 15 కిలోమీటర్లు. పటం మీద 30 సెంటీమీటర్లు. ఒక మారును పావుగంటగా పెట్టుకుందాం. గంటకు 4 కిలోమీటర్లు నడిచే మనిషి ఒక మారుకు 2 సెంటీమీటర్లు, గంటకు 3 కిలోమీటర్లు నడిచే బరువెద్దు ఒకటిన్నర సెంటీమీటర్లు, గంటకు 40 కిలోమీటర్లు పోయే లారీ 20 సెంటీమీటర్లు కదులుతాయి. మనిషి 15 మారులకు, ఎద్దు 20 మారులకు చేవెళ్ల చేరుతాయి. లారీ రెండవ మారులోనే చేరుతుంది.

ఇంతవరకు లెక్క సులభం. కాని ఒక దళం పొడవెంత? 17వ శతాబ్దంలో గోలకొండ రాజ్యాన్ని చూచిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే మన దేశపు దారులలో పది, పన్నెండు వేల ఎద్దులు ఒక్కటిగా సాగే బిడారులను వర్ణించినాడు. ధాన్యం, ఉప్పు మోసుకుపోయే ఈ వర్తకులే బంజారాలు. మన ప్రాంతంలో లంబాడీలంటాము. యుద్ధకాలంలో సేనలకు తిండి చేర్చినవారు కూడ వీరే.

పదివేల ఎద్దులు జంటలు జంటలుగా నడుస్తున్నవనుకుందాం. అవి 5000 జంటలు. ఒక్కొక్క జంటకు ముందు వెనుకల ఖాళీతో కలిపి 3 మీటర్లు వేసుకుంటే మొత్తం 15,000 మీటర్లు, అనగా 15 కిలోమీటర్లు! మొదటి జంట చేవెళ్ల చేరిన వేళకు చివరి జంట మొయినాబాదులో ఇంకా బయలుదేరబోతుంటుంది. ఉదయం 6 గంటలకు మొదటి ఎద్దు కదిలితే 11 గంటలకు చేవెళ్ల చేరుతుంది. అప్పుడు కదిలిన చివరి ఎద్దు సాయంకాలం 4 గంటలకు చేరుతుంది.

ఈ బిడారుకు బల్లమీద చిన్న బొమ్మ పెడితే అబద్ధమే అవుతుంది. 30 సెంటీమీటర్ల దారం పెట్టాలి. దళాన్ని ఒక బిందువుగా భావించడం సౌకర్యమే, భౌతికశాస్త్రంలో కూడ అట్లాగే చేస్తాము. కాని బిందువుకు పొడవు లేదు. దళానికి ఉన్నది. ఏ భావన ఎంతవరకు చెల్లుతుందో తెలుసుకొని వాడుకోవడమే శాస్త్రం.

మంజీర అడ్డుపడిన సంవత్సరం

మొయినాబాదుకు తూర్పున, నగరం వైపు పోయే దిక్కున గోలకొండ ఉన్నది. 1686లో బీజాపూరును గెలిచిన ఔరంగజేబు 1687 ఆరంభంలో గోలకొండను ముట్టడించినాడు. కోటలో అబుల్ హసన్ తానీషా. లోపలివారికన్న బయటి సేన ఎన్నో రెట్లు పెద్దది. బొమ్మలు లెక్కపెట్టి ఆడే ఆటగాడు ఫలితం నాలుగు ఎత్తులలో తేలుతుందనుకుంటాడు.

అట్లా జరగలేదు. ముట్టడి ఇంచుమించు ఎనిమిది నెలలు సాగినది. కోటగోడల కింద పెట్టిన మందుపాతరలు ముట్టడించినవారి మీదనే పేలినవి. వానకాలంలో మంజీర పొంగి ధాన్యం వచ్చే దారి తెగినది. మొగలు శిబిరంలో కరువు, దాని వెంట రోగాలు వచ్చి ఎందరో మరణించినారు. చివరకు సెప్టెంబరు 1687లో లోపలివారి ద్రోహం వల్ల తలుపు తెరుచుకొని కోట పడినది.

పులి–మేకలో కట్టుబడిన పులిని గుర్తుకు తెచ్చుకోండి. కోటను చుట్టుముట్టినవాడే తానూ కట్టుబడినాడు. కోటలోనివారు గోడల మధ్య కదలలేరు. బయటివారి తిండి నది ఆవల కదలలేదు. హెల్విగ్ నీలం రంగు వేసిన గడి, రైస్విట్జ్ కొలిచిన అడుగు ఇక్కడ ప్రాణాల లెక్క అయినవి. మన బల్లమీద సైనికుని బొమ్మకు ఆకలి వేయదు, దానికి భయం లేదు, దానికోసం ఇంటివద్ద ఎదురుచూసే తల్లి లేదు. నడకకు నియమం రాసినవాడు వాటికి నియమం రాయలేదు. పట్టికలో లేనిది లోకంలో లేదనుకోవడం ఈ ఆటకు ఉన్న పెద్ద ప్రమాదం.

వెల్స్ ఈ సంగతి గ్రహించినాడు. తన పుస్తకం చివర ఆయన యుద్ధాన్ని పొగడలేదు. సీసపు సైనికులు పడితే మళ్లీ నిలబెట్టుకోవచ్చును. నిజమైన యుద్ధం భరించరానంత ఖరీదైన, మతిమాలిన పని అన్న భావాన్ని స్పష్టంగా తెలిపినాడు. ఆ పుస్తకం వచ్చిన మరుసటి సంవత్సరమే, 1914లో, మొదటి ప్రపంచయుద్ధం ఆరంభమైనది.

ఈ విద్యతో మనకేమి పని?

సేనల కోసం పుట్టిన ఈ కొలత ప్రాణరక్షణకు కూడ పనికివస్తుంది. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి హైదరాబాదులో వేలమందిని బలిగొన్నది. అటువంటి వరదలను అరికట్టడానికి విశ్వేశ్వరయ్య సూచనలతో మూసీ మీద ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద హిమాయత్‌సాగర్ నిర్మించినారు. మొదటిది 1920లోను, రెండవది 1927లోను పూర్తి అయినవి. మొయినాబాదు ప్రాంతం ఈ రెండు జలాశయాలకు దగ్గరలోనే ఉన్నది.

నేడు విపత్తుల నివారణకు సన్నాహం చేసే అధికారులు కూడ పటం చుట్టూ కూర్చొని బల్లమీది విన్యాసాలు జరుపుతున్నారు. అక్కడ బొమ్మలు సైనికులు కావు. పడవలు, బస్సులు, అంబులెన్సులు, వంటసామగ్రి లారీలు. శత్రువు వరదనీరు. రైస్విట్జ్ ప్రశ్నలే మళ్లీ వస్తాయి. సమాచారం చేరడానికి ఎంతసేపు? ఈ దారి మునిగితే చుట్టుదారి ఎంత? నూరు బస్సుల వరుస పొడవెంత? చివరి బస్సు ఎప్పటికి చేరుతుంది?

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో చేసి చూడవచ్చును. తమ మండలపు పటం, రెండు రంగుల గుండీలు, ఒక దారం, ఒక గడియారం చాలు. విద్యార్థులు రెండు జట్లుగా సహాయదళాలను నడపాలి, ఒకరు మధ్యవర్తి. ముందుగా ప్రతివారూ ఒక కిలోమీటరు నడిచి తమ వేగాన్ని కొలుచుకోవాలి. ఖాళీ చేతులతో ఒకసారి, పుస్తకాల సంచితో ఒకసారి, ముసలివారి చెయ్యి పట్టుకొని ఒకసారి. మూడు అంకెలూ వేరుగా వస్తాయి. వరద వచ్చిన నాడు ఊరు ఖాళీ చేసేవారు ఏ వేగంతో నడుస్తారో ఆ మూడవ అంకె చెబుతుంది. గుండీని పటం మీద కదపవలసినది ఆ వేగంతోనే.

పులి–మేక ఆడే పెద్దాయన అడిగిన ప్రశ్న ఇంకా అట్లాగే ఉన్నది: "ఇక దారేదిరా?" దారిని ముందుగా కొలిచి ఉంచుకున్నవాడు దానికి జవాబు చెప్పగలుగుతాడు.